ఊరు మారే ముందు నెల రోజులు: డబ్బాలు ఖాళీ చేస్తూ మళ్ళీ ఇంటి వంటలో పడటం ఎలా

ఇల్లు ఖాళీ చేస్తున్నాం అనగానే చాలామంది ముందు మూసేసేది వంటగదినే. "ఇంకెందుకులే ఈ గోల, వెళ్ళేదాకా బయట నుంచి తెప్పించేసుకుందాం" అని ఫోన్ తీసి యాప్ ఓపెన్ చేస్తారు. నేను చెప్పేది దానికి పూర్తిగా రివర్స్. వైజాగ్ వదిలి వేరే ఊరు వెళ్తున్నారంటే ఆ ఆఖరి నెలే వంటకి మంచి టైము. ఎందుకంటే అల్మారాల్లో ఎప్పుడెప్పటి సరుకో పేరుకుపోయి ఉంటది, దాన్ని మోసుకెళ్ళలేం, పారేయడానికి చేతులు రావు, కాబట్టి వండుకుని తినడమొక్కటే దారి, పైగా "ఇవాళ ఏం వండాలి" అనే రోజూ ఉండే తలనొప్పి ఉంది చూశారా, దానికి జవాబు ఆ డబ్బాలే చెప్పేస్తాయి. మేం సీతమ్మధార నుంచి బెంగళూరు మారాం. ఆఫీసు, పిల్లల ట్యూషన్లు వీటి మధ్య నాకు వంటంటే అటెండెన్స్ వేయించుకోవడం టైపులో అయిపోయింది, అలాంటిది ఆ నెలలో సాయంత్రం ఎప్పుడవుద్దా, ఆ ఉలవలు ఏం చేద్దామా అని ఆలోచించేదాన్ని. ఏది కావాలంటే అది కొనుక్కోగలిగినప్పుడు రాని సరదా, ఉన్నదాంతోనే చెయ్యాలి అన్నప్పుడు వచ్చింది. అందుకే ఎలా చెయ్యాలో వివరంగా రాస్తున్నా.

ముందు అన్నీ కిందకి దించండి

ఒక ఆదివారం పొద్దున్నే హాల్లో పాత పేపర్లు పరిచి, వంటింట్లో తినే వస్తువన్నది ఏదున్నా తెచ్చి అక్కడ పెట్టండి. అటక మీదవి, ఫ్రిజ్ డోర్‌లో సాస్ ప్యాకెట్లు, దేవుడి గదిలో ఉండిపోయిన కొబ్బరికాయలు, అన్నీ. చూస్తే మీకే నవ్వొస్తుంది, సగం సగం వాడిన సేమ్యా ప్యాకెట్లే ఒక నాలుగు తేలతాయి. ప్రతి డబ్బా మూత తీసి వాసన చూడండి, పురుగు ఉందేమో చూడండి. కందిపప్పుకి పురుగు పడితే ఎండలో పోసి చెరిగి వాడుకోవచ్చు గానీ, పిండికి పట్టినా, నూనె పదార్థానికి ముక్కు వాసన వచ్చినా మొహమాటపడకుండా తీసేయండి. వైజాగ్ గాలిలో చెమ్మ గురించి నేను చెప్పక్కర్లేదు, ఇక్కడ ఉప్పు కూడా నీరు కారుతుంది, రవ్వలూ పిండులూ ఎక్కువకాలం ఆగవు.

తర్వాత వాటిని విడదీయండి. ఇక్కడే తినేయాల్సినవి ఒక పక్క, పట్టుకెళ్ళేవి ఒక పక్క, ఎవరికైనా ఇచ్చేసేవి ఒక పక్క. పట్టుకెళ్ళే కుప్ప చిన్నదిగా ఉండాలి, గట్టిగా ఉండండి. పంచదార, మైదా, గోధుమ పిండి, బియ్యం లాంటివి ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి, లారీలో కిలోల లెక్కన వాటిని మోయించడం అనవసరం. నూనె డబ్బాలూ, ద్రవంగా ఉండేవీ ప్యాకర్స్ వాళ్ళు చాలావరకు తీసుకోరు, తీసుకున్నా కారితే మీ పరుపులు పోతాయి.

ఇక తినేసే కుప్పలో ఏమున్నాయో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, అయిపోయినప్పుడల్లా కొట్టేయండి. మా చిన్నోడికి ఆ కొట్టేసే పని ఇచ్చా, వాడు సగ్గుబియ్యం ఎప్పుడైపోతుందా అని రోజూ నా ప్రాణం తీసేవాడు. ఆ రోజు నుంచి కొనడానికి ఒకటే రూలు: కూరగాయలు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు. ఇవి తప్ప కిరాణా కొట్టు గడప తొక్కకూడదు. ఏదైనా తక్కువ పడితే దానికి బదులు ఇంకోటి వేసి చూడండి, సరదా అంతా అక్కడే ఉంది. పచ్చడిలోకి పల్లీలు లేవు, అవిసె గింజలున్నాయి, వేసి చూశాం, బావుంది.

డబ్బా అడుగు సరుకుతో ఏం చెయ్యొచ్చు

గుప్పెడు గుప్పెడు మిగిలిన పప్పులే అందరిళ్ళలోనూ ఎక్కువ ఉండేది. వీటికి పప్పుల అట్టే సరైన మందు. కంది, శనగ, పెసర, మినప ఏదున్నా సరే, అన్నీ కలిపి రెండు గ్లాసులైతే ఒక గ్లాసు బియ్యం వేసి మూడు నాలుగు గంటలు నానబెట్టండి, ఐదారు ఎండుమిరపకాయలు, అల్లం ముక్క, జీలకర్ర, ఉప్పు వేసి బరకగా రుబ్బండి. పులియక్కర్లేదు. ఉల్లిపాయ, కరివేపాకు కలిపి కొంచెం మందంగా వేసి మధ్యలో చిల్లు పెట్టి నూనె చుక్కలు వేస్తే అంచులు కరకరలాడతాయి. ఏ రోజు పప్పులు ఎలా పడితే రుచి అలా మారుతుంది, రెండుసార్లు ఒకేలా రాదు.

ఇడ్లీ రవ్వ, మినపగుళ్ళు మిగిలుంటే దిబ్బరొట్టె వేయండి. ఇది హడావిడిగా చేసేది కాదు, అందుకే మామూలు రోజుల్లో మనం మర్చిపోయాం. ఒక గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా గారెల పిండికి కొంచెం జారుగా రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి నీళ్ళు పిండేసి అందులో కలిపి, ఉప్పు, జీలకర్ర వేసి రెండు మూడు గంటలు ఉంచండి. మందపాటి ఇనప మూకుడులో నూనె ధారాళంగా పోసి, రెండంగుళాల మందాన పిండి వేసి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలేయండి. పావుగంట ఇరవై నిమిషాలు దాన్ని కదపకండి. అంచులు మూకుడుని వదిలి లోపలికి వస్తాయి, కింద ఎర్రగా పెచ్చు కట్టిన వాసన వస్తుంది, అప్పుడు తిరగెయ్యాలి. అది సెగ మీద ఉండగా మీరు పక్కన అల్మారా ఒకటి సర్దేసుకోవచ్చు, టైమర్ లాగా పనికొస్తుంది. అనకాపల్లి బెల్లం పాకంతో తింటే మళ్ళీ వేరే టిఫిన్ అడగరు. అల్లం పచ్చడి ఉంటే ఇంకా మంచిది, నేను రెండూ వేసుకుంటా.

చోడి పిండి, అంటే రాగి పిండి ఉందా, ఎండాకాలమైతే అంబలి కాయండి. రెండు పెద్ద చెంచాల పిండి చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, ఐదారు నిమిషాలు తిప్పుతూ ఉడికించి, చల్లారాక మూత పెట్టి రాత్రంతా ఉంచేస్తే పొద్దునకి చిన్న పులుపు పట్టి ఉంటది. మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు, అట్టపెట్టెలు కట్టే రోజుల్లో ఇంతకన్నా మంచి టిఫిన్ లేదు.

ఉలవలు ఉంటే రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళు వంచి చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి చిక్కబడేదాకా మరిగించండి. ఉడికిన గింజలకి పోపు పెడితే గుగ్గిళ్ళు. సగ్గుబియ్యం, సేమ్యా, అటుకుల గురించి చెప్పడానికేం లేదు, పాయసం, ఉప్మా, పోపు, మీకు తెలిసినవే.

ఎండు చేపల విషయం మాత్రం సీరియస్‌గా తీసుకోండి. నెత్తళ్ళు, ఎండు రొయ్యలు ఎంత గట్టిగా కట్టినా సామాన్ల మధ్య పెట్టి పంపారంటే బట్టలన్నీ ఆ వాసనే. పైగా కొత్త ఊళ్ళో ఓనరు పైన ఇంట్లోనే ఉండి ఆయన శాకాహారి అయితే ఇక వాటి సంగతి మర్చిపోవడమే. కాబట్టి ఇక్కడే కిటికీలు తెరిచి కానిచ్చేయండి. నెత్తళ్ళు తలలు గిల్లి, పొడి మూకుడులో వేయించి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి ఇసక పోగొట్టి, వంకాయ, టమాటాతో పులుసు. ఎండు రొయ్యలైతే గోంగూరలో వేయండి. ఉప్పు మాత్రం ఆఖర్న చూసి వేసుకోవాలి, వాటిలో ఉండే ఉప్పే సగం సరిపోతుంది.

ఇక్కడే తినాల్సినవి

డబ్బాలు ఖాళీ చేయడం ఒక పని అయితే ఈ ఊళ్ళో దొరికేవి తనివితీరా వండుకోవడం ఇంకో పని. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, మీకేది దగ్గరైతే ఆ రైతుబజారుకి వారానికి రెండుమూడు సార్లు పొద్దున్నే వెళ్ళండి. 1999 జనవరిలో మొదలైనప్పటి నుంచి ఈ రైతుబజార్లు మనకి అలవాటైపోయి విలువ తెలీదు గానీ, బయట ఊళ్ళకి వెళ్ళాక ఒక్కో కట్ట ఆకుకూర రేటు చూస్తే గుర్తొస్తాయి. ఒకేసారి సంచి నింపేయకుండా ఆ పూటకి సరిపడా తెచ్చుకోండి. నేను పావుకిలో పావుకిలో తీసుకుంటుంటే ఒకామె "ఏటమ్మా, ఊరెళ్ళిపోతన్నారేటి, కొలిచి కొంటన్నావు" అని పట్టేసింది. వాళ్ళకి అన్నీ తెలుస్తాయి.

ఎండాకాలం ముందు నుంచీ పనసపొట్టు వస్తుంది. కాయ తెచ్చుకుని కొట్టుకునే ఓపిక ఈ హడావిడిలో ఉండదు, కొట్టిన పొట్టు అమ్ముతారు, అర కిలో తీసుకోండి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మన వైపు పెళ్ళిళ్ళలో తినడమే తప్ప ఇంట్లో చేసేవాళ్ళు తగ్గిపోయారు, భయపడాల్సినంత లేదు. పొట్టుని పసుపు, ఉప్పు, చింతపండు రసంతో ఉడికించండి, మెత్తబడాలి గానీ ముద్దవ్వకూడదు. వార్చి, చల్లారాక చేత్తో గట్టిగా పిండేయండి, నీరుంటే కూర పొడిగా రాదు. నూనె కొంచెం ఎక్కువే పోసి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, జీడిపప్పు ఉంటే అది కూడా వేసి, పొట్టు వేసి ఐదారు నిమిషాలు వేయించి స్టవ్ ఆపేయండి. ఆపాకే ఆవ. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి, కాస్త ఉప్పు, కొంచెం నీళ్ళతో మెత్తగా నూరి, కూర వేడి తగ్గాక కలపాలి. ఆవాల్ని నీళ్ళతో నూరినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, సెగ మీద వేస్తే అది ఎగిరిపోయి చేదు మిగులుతుంది. చేసిన వెంటనే కన్నా రెండు గంటలాగి తింటే ఆవ బాగా పట్టి ఉంటది. ఇదే పద్ధతిలో కంద బచ్చలి కూర కూడా, దానికి చింతపండు కాస్త ఎక్కువ, లేకపోతే కంద దురద.

వానల్లో మారుతుంటే ఆగాకరకాయలు వదలకండి, ఏజెన్సీ కొండ ప్రాంతాల నుంచి వస్తాయి, రేటు మండిపోతుంది గానీ వేపుడు చేస్తే ఆ రేటు మర్చిపోతారు.

చేపల ప్లాన్ వేసుకునేముందు క్యాలెండర్ చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. పిల్లల సెలవుల్లో మారేవాళ్ళందరికీ సరిగ్గా అదే టైము. కాబట్టి వంజరం, చందువా తినాలని ఉంటే ఏప్రిల్ మొదట్లోనే ఒక పొద్దున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి తెచ్చుకోండి. నిషేధం టైములో చిన్న తెప్పల మీద వెళ్ళొచ్చిన వాళ్ళ దగ్గర కవళ్ళో, కానాగడతలో ఏదో కొంచెం దొరుకుతుంది, లేదంటే చెరువు చేప, శీలావతి. పులుసు ఏదైనా సరే రాత్రి చేసి పొద్దున తినండి, వేడి చేయకుండా.

అత్తయ్య గ్లాసు

ఇది వంట కాదు గానీ అన్నిటికన్నా ముఖ్యమని నాకనిపిస్తుంది. మీ అమ్మగారో అత్తయ్యగారో ఈ ఊళ్ళోనే ఉండిపోతుంటే, వాళ్ళ చేతి వంటలు నేర్చుకునేది ఇప్పుడే. ఫోన్లో అడిగితే "కొంచెం వెయ్యి, సరిపడా వెయ్యి" అంటారు, ఆ కొంచెం ఎంతో వాళ్ళక్కూడా తెలీదు, వాళ్ళ చేతికి తెలుసు. మా అత్తయ్య దగ్గర ఒక పాత స్టీలు గ్లాసుంది, ఆవిడ కొలతలన్నీ దాంతోనే, నెయ్యప్పాలైనా పులిహోరైనా. అందుకే ఆవిడ చేస్తున్నప్పుడు పక్కన నిలబడి, వెయ్యబోయే ప్రతిదీ ముందు నా గిన్నెలో పోయించుకుని తూకం వేసి రాసుకున్నా. మొదట విసుక్కుంది, "ఇదేటే, బంగారం కొట్టులాగ" అని, తర్వాత ఆవిడే "ఆగు, ఉప్పు తూయలేదు" అనేది.

మీరూ అలాగే చేయండి. గ్లాసులో నీళ్ళు పోసి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి పెట్టుకోండి, బియ్యం పోస్తే ఎన్ని గ్రాములో రాసుకోండి. ఫోన్ స్టాండ్‌కి పెట్టి వీడియో తీయండి, మొహం మీద కాదు, మూకుడు మీద. పోపు ఏ రంగుకి వచ్చినప్పుడు తర్వాతది వేస్తున్నారో, ఆ చిటపట శబ్దం ఎలా మారుతోందో వీడియోలో తెలిసినంత రాతలో తెలీదు. ఒక వంట మీరు చేస్తే వాళ్ళు కుర్చీ వేసుకుని కూర్చుని తప్పులు పట్టేలా కూడా పెట్టుకోండి, వాళ్ళకీ కాలక్షేపం.

పట్టుకెళ్ళడానికి చేసేవి

కందిపొడి ముందు. ఒక గ్లాసు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు, పావు గ్లాసు పెసరపప్పు, ఎనిమిదో పదో ఎండుమిరపకాయలు, జీలకర్ర, అన్నీ విడివిడిగా సన్న సెగ మీద వేయించాలి, ఒక్కో పప్పుకి వేగే టైము వేరు, కలిపేస్తే ఒకటి మాడి ఇంకోటి పచ్చిగా ఉండిపోతుంది. పూర్తిగా చల్లారాకే ఉప్పు, ఇంగువ వేసి పొడి కొట్టండి, వేడి మీద కొడితే ఆవిరికి ముద్ద కట్టి తొందరగా పాడవుతుంది. నువ్వులు, కరివేపాకు మిగిలితే వాటికీ ఇదే దారి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి సామాన్లు విప్పకుండా వేడన్నం, కందిపొడి, నెయ్యి ఉంటే చాలు.

పులిహోర గుజ్జు కూడా చేసుకోండి. వంద గ్రాముల చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి, ఐదారు చెంచాల నూనెలో పోపు వేసి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్కతో నూనె పైకి తేలేదాకా ఉడికించండి. కిలోకి కాస్త తక్కువ బియ్యానికి సరిపోతుంది. సగం ప్రయాణానికి, సగం అక్కడికి వెళ్ళాక.

ఎండాకాలంలో మారేవాళ్ళకి ఆవకాయ పెద్ద డౌటు, ఇక్కడే పెట్టాలా అక్కడికెళ్ళి పెట్టాలా అని. నా మాటైతే ఇక్కడే, బయల్దేరడానికి కనీసం మూడు వారాల ముందు. కాయ పుల్లగా గట్టిగా టెంక కట్టి ఉండాలి, రైతుబజార్లో కత్తిపీటల వాళ్ళు టెంకతో సహా ముక్కలు కొట్టి ఇస్తారు. కిలో ముక్కలకి 200 గ్రాముల ఆవపిండి, అంతే కారం, 150 నుంచి 200 గ్రాముల ఉప్పు, 300 మిల్లీలీటర్ల దాకా నువ్వుల నూనె, కొంచెం మెంతులు. ముక్క మీద తడి ఒక్క చుక్క ఉండకూడదు. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసి, నూనె ముక్కల పైన తేలేలా పోయండి. ఊరేదాకా జాడీలో ఉంచి, వెళ్ళే ముందు వెడల్పు మూతి గట్టి డబ్బాల్లోకి మార్చండి, నిండా పోయకుండా రెండు వేళ్ళ జాగా వదిలి, మూత కింద ప్లాస్టిక్ కవరు వేసి బిగించి, డబ్బాని ఇంకో కవర్లో కట్టి, నిలువుగా పెట్టండి. ఖాళీ జాడీని మాత్రం పాత దుప్పట్లో చుట్టి విడిగా పంపండి.

విమానంలో వెళ్తుంటే పచ్చడి చేతి బ్యాగులో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెడతారు, చెక్ ఇన్ సామానులోనే వేయాలి. రైల్లో అయితే ఈ బాధ లేదు, స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ మనిషికి 40 కిలోల దాకా ఉచితం, ఇల్లంతా వెళ్తున్నప్పుడు అది చాలా ఎక్కువ. మేం అందుకే రైలెక్కాం.

కొనుక్కెళ్ళాల్సినవి తక్కువే. పూర్ణా మార్కెట్లో అనకాపల్లి బెల్లం రెండు దిమ్మలు. మన వైజాగ్‌లోనే హెడ్డాఫీసు ఉన్న గిరిజన సహకార సంస్థ, అదే 1956 నుంచి ఉన్న జీసీసీ, వాళ్ళ షాపులో తేనె, చింతపండు, అరకు కాఫీ పొడి. ఎండుమిర్చి, ఆవాలు అలవాటైన రకం ఉంటే అరకిలో. ఇంతే, ఇంకేవీ వద్దు.

గ్యాసు, ఫ్రిజ్, ఆఖరి వారం

వేరే ఊరు వెళ్తుంటే సిలిండరు, రెగ్యులేటరు రెండూ ఏజెన్సీకి తిరిగిచ్చేసి టెర్మినేషన్ వోచర్ తీసుకోవాలి, డిపాజిట్ వెనక్కి ఇస్తారు, ఆ వోచర్ పెట్టి అక్కడ మళ్ళీ కనెక్షన్ తీసుకుంటారు, డిపాజిట్ మాత్రం అప్పటి రేటు. స్టవ్ మనదే, కడిగి పట్టుకెళ్ళొచ్చు. రైల్లోగానీ ప్యాకర్స్ లారీలోగానీ సిలిండరు ఎక్కించడం కుదరదు. ఆఖరి నెలలో ఇంకో సిలిండరు బుక్ చేసే ముందు ఆలోచించండి, 14.2 కిలోలు నిండుగా వచ్చి సగం వాడి ఇచ్చేయడం ఎవరికైనా బాధే. ఆఖరి నాలుగైదు రోజులకి ఇండక్షన్ స్టవ్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి. ముందుగా మీ గిన్నెల అడుగుకి అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటేనే ఇండక్షన్ మీద పనిచేస్తుంది, మామూలు అల్యూమినియం కుక్కరు అస్సలు వేడెక్కదు.

ఆఖరి వారానికి బయట ఉండాల్సినవి: చిన్న కుక్కరు, మూకుడు, ఒక గిన్నె, గరిటె, చాకు, పోపుల పెట్టె, మనిషికో పళ్ళెం. మిగతావన్నీ కట్టేయండి. గ్రైండర్ రాళ్ళు బయటకి తీసి గుడ్డలో చుట్టి వేరే పెట్టెలో, లోపలే వదిలేస్తే కుదుపులకి డ్రమ్ము పోతుంది. ఈ నాలుగు గిన్నెలతో పప్పుచారు, టమాటా బాత్, కిచిడీ, గుడ్డు పులుసు, రోజుకొకటి హాయిగా గడుస్తుంది. అంట్లు కూడా తక్కువ, ఇది నాకు తెగ నచ్చింది.

ఫ్రిజ్ బయల్దేరే ముందురోజే ఆపేసి, మంచు కరిగించి, తుడిచి, తలుపు తెరిచి ఆరబెట్టాలి, చెమ్మతో మూసేస్తే లోపల బూజు. అక్కడ దింపాక కనీసం నాలుగైదు గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడు స్విచ్ వెయ్యండి, దార్లో పడుకోబెట్టి తెస్తే ఇంకా ఎక్కువసేపు, కంప్రెసర్లో ఆయిల్ కిందకి దిగాలి కదా.

ప్రయాణం రోజుకి పులిహోర, దద్దోజనం. దద్దోజనం పెరుగుతో కలిపితే సాయంత్రానికి పుల్లబడిపోతుంది, అందుకని అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పాలు పోసి మెదిపి, ఒకే ఒక్క చెంచా పెరుగు వేసి పోపు పెట్టండి, తినే టైముకి తోడుకుని కమ్మగా ఉంటది. మిగిలిన బియ్యప్పిండి, శనగపిండి ఉంటే జంతికలు వేసేయండి, నూనె డబ్బా కూడా దాంతోనే ఖాళీ.

అక్కడికి వెళ్ళాక

లారీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పాలు పొంగించే గిన్నె, పసుపు, కుంకుమ, ఉప్పు, కొంచెం బియ్యం, కందిపప్పు, బెల్లం, ఇండక్షన్ స్టవ్ కొన్నారంటే అది కూడా, మీ చేతిలో ఉండే సంచిలో పెట్టుకోండి. గ్యాస్ కనెక్షన్ రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు.

మొదటి వారం వంట కుదరకపోతే మీ చెయ్యి పోయిందని కంగారుపడకండి, ఊరు మారింది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే కందిపప్పు ఎంతకీ మెత్తబడదు, అరగంట ముందు నానబెట్టి, తాగే నీళ్ళతో ఉడికించండి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే మూత లేని గిన్నెలో అన్నం, పప్పు కాస్త ఆలస్యం, కుక్కర్లో అయితే తేడా పెద్దగా తెలీదు. ఇడ్లీ పిండి సంగతి అసలు చెప్పక్కర్లేదు, వైజాగ్ ఎండాకాలంలో ఆరు గంటలు దాటితే గిన్నె బయటకి పొంగిపోయే పిండి అక్కడ చలికాలంలో పన్నెండు గంటలైనా కదలదు. మినప్పప్పుతో పాటు ఒక చెంచా మెంతులు నానబెట్టి, గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బి, చేత్తో బాగా కలిపి, గిన్నెని దుప్పటి చుట్టి మూసిన అల్మారాలో పెట్టండి, పొద్దున లేవగానే కాకుండా తొమ్మిది గంటలకి చూడండి.